నెలకు 52,000: ఒక పోస్ట్‌డాక్ జీతపు చీటీ చెప్పిన సంగతులు

ఆ చీటీలో ఉన్నవి నాలుగే మొత్తాలు. ఫెలోషిప్ 58,000 రూపాయలు, టీడీఎస్ (చెల్లించేటప్పుడే కోసే ఆదాయపు పన్ను) 5,800, వృత్తి పన్ను 200, చేతికి వచ్చేది 52,000. ఉత్తర బెంగళూరు వైపున్న ఒక విశ్వవిద్యాలయంలో, కేంద్ర ప్రభుత్వ నిధులతో నడిచే ఒక జీవశాస్త్ర ప్రాజెక్టులో రిసెర్చ్ అసోసియేట్‌గా, అంటే పీహెచ్‌డీ ముగిశాక పరిశోధన చేసే పోస్ట్‌డాక్‌గా, పనిచేస్తున్న ఒక తెలుగు పరిశోధకురాలు 2024 సెప్టెంబరులో ఈ చీటీతోపాటు ఆదాయపు పన్ను శాఖ పంపిన ఒక నోటీసును పట్టుకుని యలహంకలోని నా ఆఫీసుకు వచ్చారు. నోటీసుకు జవాబు ఇవ్వడానికి పదిహేను రోజుల గడువు ఉంటే అందులో పది రోజులు అప్పటికే గడిచిపోయాయి. ఆమె నన్ను అడిగింది ఆ జవాబు ఒక్కటే. పన్నులు, వేతనాల లెక్కలు చూడటం నా వృత్తి కనుక నేను ముందు చూసింది మాత్రం చీటీని. ఇంటి అద్దె భత్యం గడి అందులో లేదు. పైగా ఆమె ఐదో నెల గర్భవతి అని కూర్చున్న పది నిమిషాల్లో తెలిసింది. కాబట్టి ఈ కేసు పన్ను నోటీసుతో మొదలైనా, ఏడాది పాటు నేను చూసింది మూడు సమస్యలను. ఆ మూడింటికీ మూలం ఒక్కటే: ఆమెకు ఇస్తున్న డబ్బును ఏ పేరుతో పిలవాలో ఆ విశ్వవిద్యాలయం ఎన్నడూ తేల్చుకోలేదు.

ఆమె అనుమతితోనే ఇది రాస్తున్నాను. గుర్తుపట్టే ఆనవాళ్లను మార్చాను, రూపాయల లెక్కలను మార్చలేదు.

ఆమెది తెనాలి. పీహెచ్‌డీ హైదరాబాదులో చేసి 2023 ఏప్రిల్ 1న బెంగళూరులో చేరారు. నియామకం ఏడాదికే, 2024 ఏప్రిల్‌లో మరో ఏడాదికి పొడిగించారు, అంటే 2025 మార్చి 31 దాకా. ప్రాజెక్టు మాత్రం 2025 సెప్టెంబరు వరకు ఉంది. చేరేనాటికి రిసెర్చ్ అసోసియేట్ మొదటి మెట్టుకు పాత రేటు 47,000 ఉండేది. కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం 2023 జూన్‌లో ఇచ్చిన ఉత్తర్వు ఆ రేటును 2023 జనవరి 1 నుంచి వర్తించేలా 58,000కు పెంచింది. రెండో మెట్టుకు 61,000, మూడో మెట్టుకు 67,000 అయింది. తొలి నెలల తేడా ఆమెకు ఆ ఆర్థిక సంవత్సరంలోనే అందింది కాబట్టి 2023-24లో మొత్తం 6,96,000 వచ్చింది. అందులో 69,600ను 194జె సెక్షన్ కింద, అంటే వృత్తి నిపుణులకు ఇచ్చే ఫీజుగా భావించి, పది శాతం చొప్పున కోసి పన్ను శాఖకు కట్టారు.

పోస్ట్‌డాక్ అనేది ఉద్యోగం పేరు కాదు, ఒక దశ పేరు. ఒకే ప్రయోగశాలలో పక్కపక్క బల్లల దగ్గర ముగ్గురు పోస్ట్‌డాక్‌లు ఒకే పని చేస్తూ ఉండవచ్చు. ఒకరు తమ పేరుమీద జాతీయ స్థాయి ఫెలోషిప్ తెచ్చుకున్నవారు, ఇంకొకరు సంస్థ సొంత నిధితో నియమితులైనవారు, మూడోవారు ప్రొఫెసరు తెచ్చిన ప్రాజెక్టు డబ్బుతో నడిచేవారు. మొదటివారి నిబంధనలు ఫెలోషిప్ ఇచ్చిన సంస్థ కాగితంలో ఉంటాయి, రెండోవారివి సంస్థ నియమావళిలో ఉంటాయి. మూడోవారివి మంజూరు ఉత్తర్వులో ఉంటాయి, అది ప్రొఫెసరు బీరువాలో ఉంటుంది. మా పరిశోధకురాలు మూడో రకం. చేరి పదిహేడు నెలలైనా ఆ మంజూరు ఉత్తర్వును ఆమె ఒక్కసారి కూడా చూడలేదు. ఎవరూ దాచలేదు, అడగాలన్న ఊహ ఆమెకు రాలేదు, చూపించాలన్న ఊహ ప్రొఫెసరుకు రాలేదు.

నోటీసు, తేలికైన దారి

నోటీసు 139(9) సెక్షన్ కిందిది. ఆమె 2024 జూలైలో సొంతంగా, జీతగాళ్లు వేసే రిటర్ను ఫారం ఐటీఆర్-1 దాఖలు చేసి, 6,96,000ను జీతంగా చూపి, 50,000 ప్రామాణిక మినహాయింపు తీసుకుని, కోసిన 69,600 మొత్తాన్ని రిఫండుగా కోరారు. పన్ను లెక్క తప్పు కాదు. కొత్త పన్ను విధానంలో ఆ ఏడాది 7 లక్షల లోపు ఆదాయానికి 87ఏ రిబేటు వల్ల పన్ను సున్నా. ప్రామాణిక మినహాయింపు తీసేసినా 6,96,000 ఆ గీత కిందే ఉంటుంది. పన్ను శాఖ కంప్యూటరుకు అభ్యంతరం లెక్కమీద కాదు. విశ్వవిద్యాలయం తన త్రైమాసిక స్టేట్‌మెంటులో ఈ డబ్బును వృత్తి ఫీజుగా చూపింది, ఈమె రిటర్నులో జీతంగా చూపింది. రెండూ పొసగలేదు కనుక రిటర్ను లోపభూయిష్టం అన్నది దాని మాట.

తేలికైన దారి ఒకటి ఉంది. ఆమె సహోద్యోగి ఒకరు అప్పటికే ఆ దారిలో వెళ్లి రిఫండు తెచ్చుకున్నారు కూడా. అంచనా లాభం మీద పన్ను కట్టేవారి ఫారం ఐటీఆర్-4 వేసి, 44ఏడీఏ సెక్షన్ కింద తనను తాను వృత్తి నిపుణుడిగా ప్రకటించుకుని, వచ్చినదానిలో సగాన్ని లాభంగా చూపిస్తే నోటీసు మూసుకుపోతుంది, పన్ను ఎలాగూ సున్నా, రిఫండు ఎలాగూ వస్తుంది. "అలాగే చేసేద్దాం మేడమ్, ఎలా అయినా నా డబ్బు నాకు వస్తుంది కదా" అన్నారు ఆమె.

నేను ఒప్పుకోలేదు. 44ఏడీఏ వర్తించే వృత్తుల జాబితాలో జీతం మీద ప్రాజెక్టులో పనిచేసే పరిశోధకురాలు ఎక్కడా ఇమడరు. అంతకంటే ముఖ్యమైన కారణం మరొకటి ఉంది. మరో నాలుగు నెలల్లో ఆమె ప్రసూతి సెలవు అడగబోతున్నారు, ఇంటి అద్దె భత్యం బకాయి అడగబోతున్నారు. నేను సొంత వృత్తి చేసుకునే వ్యక్తిని అని సంతకం చేసిన రిటర్ను ఒకటి ఆమె పేరుమీద ఉంటే, ఆ రెండు అర్జీలకూ అవతలివాళ్లు చూపించే మొదటి కాగితం అదే అవుతుంది. కన్సల్టెంటుకు సెలవేమిటి, భత్యమేమిటి అని అడిగితే మన దగ్గర జవాబు ఉండదు. ఈ కేసులో నేను తీసుకున్న నిర్ణయాల్లో సరైనది ఏదైనా ఉందంటే ఇదే. మిగతావన్నీ ఎవరైనా చేయగలిగినవే.

కాబట్టి లోపం ఉందన్నదానితో విభేదిస్తున్నాం అనే జవాబే ఇచ్చాం. ఆధారాలు ఆమె సంచిలోనే ఉన్నాయి. నియామక ఉత్తర్వులో 'అపాయింటెడ్' అన్న మాట ఉంది, పని గంటలు ఉన్నాయి, సంస్థ క్రమశిక్షణ నియమాలు వర్తిస్తాయన్న షరతు ఉంది. రోజూ బయోమెట్రిక్ హాజరు ఉంది. అన్నిటికన్నా గట్టిది చీటీలోని 200 రూపాయల వృత్తి పన్ను. కర్ణాటకలో నెలకు 25,000, అంతకు మించి జీతం తీసుకునేవారి నుంచి యజమాని ఆ 200 కోసి కడతాడు. స్వతంత్ర వృత్తి చేసుకునేవారు తమ పన్ను తామే కట్టుకోవాలి. అంటే అదే ఫైనాన్స్ సెక్షన్, అదే చీటీలో, ఒక గడిలో ఈమెను ఉద్యోగినిగా, పై గడిలో వృత్తి నిపుణురాలిగా రాసింది. డిసెంబరులో రిటర్ను ప్రాసెస్ అయింది. 69,600 రూపాయలు, నెలకు అర శాతం వడ్డీతో సహా, ఆమె ఖాతాలో పడ్డాయి.

ఈ మధ్యలో ఆమె అడిగిన ఒక ప్రశ్నకు ఇక్కడే జవాబు చెప్పాలి, ఎందుకంటే ఇదే ప్రశ్న నన్ను ఏటా కనీసం పది మంది అడుగుతారు. ఫెలోషిప్‌కు అసలు పన్నే ఉండదట కదా అని. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం 10(16) సెక్షన్ చదువు ఖర్చుల కోసం ఇచ్చే ఉపకార వేతనాన్ని పన్ను నుంచి మినహాయించింది. పీహెచ్‌డీ విద్యార్థికి వచ్చే ఫెలోషిప్ ఆ మాటల్లో సులువుగా ఇముడుతుంది. పీహెచ్‌డీ ముగిసినవారు చదువుతున్నారని చెప్పడం కష్టం. తమ పేరుమీద ఫెలోషిప్ ఉన్నవారు ఆ వాదన చేయవచ్చు, కొందరు చేస్తున్నారు కూడా. ప్రాజెక్టులో నియమితులైనవారికి ఆ వాదన నిలవదన్నది నా అభిప్రాయం. పైగా ఈమె విషయంలో అది ఆత్మహత్యా సదృశం: ఇది చదువు ఖర్చు అని ఒకచోట చెప్పి, ఇది ఉద్యోగం కనుక సెలవివ్వండి అని ఇంకోచోట అడగలేం.

కనిపించని 27 శాతం

ప్రాజెక్టు మంజూరు ఉత్తర్వు ప్రతి అడగమని ఆమెను పంపాను. ప్రొఫెసరు మర్నాడే ఇచ్చారు. సిబ్బంది పద్దు కింద రిసెర్చ్ అసోసియేట్, 47,000, దానిపై 27 శాతం ఇంటి అద్దె భత్యం అని స్పష్టంగా ఉంది. ఆ లెక్కన డబ్బు కూడా విడుదలైంది. ఆ వరుసను ఇంతవరకు ఎవరూ వాడకపోవడంతో అది ఏటా మిగులుగా ముందుకు జరుగుతూ వస్తోంది.

కేంద్ర ప్రభుత్వ ఇంటి అద్దె భత్యం లెక్కలో బెంగళూరు, చెన్నై, హైదరాబాదు మూడూ ఎక్స్ తరగతి నగరాలే. ఆ తరగతికి 2021 జూలై నుంచి 27 శాతం, కరువు భత్యం 50 శాతానికి చేరిన 2024 జనవరి నుంచి 30 శాతం. పరిశోధకులకు కరువు భత్యం ఉండదు గాని, సంస్థ వసతి ఇవ్వనప్పుడు ఇంటి అద్దె భత్యం కేంద్ర నిబంధనల ప్రకారం ఇవ్వవచ్చని పైన చెప్పిన ఉత్తర్వే అంటోంది. 58,000 మీద అది 2023 డిసెంబరు వరకు నెలకు 15,660, ఆపైన 17,400. ఈమె విద్యారణ్యపురలో నెలకు 18,000 అద్దె కడుతున్నారు. ఆ ఇంట్లో దిగేటప్పుడు లక్షన్నర అడ్వాన్సు కట్టడానికి తల్లి గాజులు తాకట్టు పెట్టారు. ఇదంతా ఆమె మామూలుగా, ఫిర్యాదు లేకుండా చెప్పిన సంగతి.

విశ్వవిద్యాలయం ఫైనాన్స్ సెక్షన్‌కు నేను కూడా ఒకసారి వెళ్లాను. సెక్షన్ ఆఫీసరు మదనపల్లె మనిషి. నా కన్నడలోని తెలుగు యాసను రెండో వాక్యంలోనే పట్టుకుని తెలుగులోకి దిగారు. ఆయన చెప్పింది ఇది: "మా జీతాల సాఫ్ట్‌వేర్‌లో మూడే రకాలున్నాయమ్మా. రెగ్యులర్, ఔట్‌సోర్సింగ్, కన్సల్టెంట్. ఈ పాపను రెగ్యులర్‌లో వేస్తే పెన్షన్ గడి అడుగుతుంది, ఔట్‌సోర్సింగ్‌లో వేస్తే ఏజెన్సీ పేరు అడుగుతుంది. ఏమీ అడగంది మూడోదే. మీరే చెప్పండి, ఎందులో వెయ్యాల?"

ఇందులో దురుద్దేశం లేదని నేను నమ్ముతాను. కానీ ఒక ప్రోగ్రామరు ఎప్పుడో వదిలేసిన నాలుగో గడి వల్ల ఆమె టీడీఎస్ సెక్షన్ మారింది, భత్యం ఆగింది, జీతానికీ కోసిన పన్నుకూ యజమాని ఇచ్చే ధ్రువపత్రం ఫారం 16 రాలేదు. ఫారం 16 లేదు కనుక బ్యాంకు ఆమె వ్యక్తిగత రుణం దరఖాస్తును తిప్పి పంపింది. గాజుల తాకట్టు వెనుక కథ అది.

అర్జీని ఒక పేజీ దాటనివ్వలేదు. హక్కు, అన్యాయం వంటి మాటలు అందులో లేవు. మంజూరు ఉత్తర్వులోని వరుస, 2023 ఉత్తర్వులోని మాట, సంస్థ వసతి కేటాయించలేదన్న ఎస్టేట్ ఆఫీసు ధ్రువపత్రం, పదకొండు నెలల అద్దె ఒప్పందం, నెలవారీ లెక్క పట్టిక. ఇవి మాత్రమే పెట్టి, సిబ్బంది పద్దులో మిగులు ఇంత ఉంది కనుక విశ్వవిద్యాలయం మీద అదనపు భారం లేదని చివర ఒక వాక్యం రాశాం. అభ్యంతరం ఒక్కటే వచ్చింది: నియామక ఉత్తర్వులో 'కన్సాలిడేటెడ్' అని ఉంది కనుక అన్నీ అందులోనే కలిసి ఉన్నాయని. నిధులిచ్చిన శాఖ రెండింటినీ వేర్వేరుగా మంజూరు చేసినప్పుడు, ఖర్చు చేసే సంస్థ ఒకదాన్ని ఇంకొకదానిలో కలపలేదన్నది మా జవాబు. దానికంటే ఎక్కువ పనిచేసింది బహుశా ప్రొఫెసరు భయం. ఆ మిగులు ఖర్చు కాకపోతే నిధుల ఖర్చు లెక్క చూపే చివరి యుటిలైజేషన్ సర్టిఫికెట్‌తోపాటు శాఖకు తిరిగి కట్టాలి కదా. 2025 జనవరి నుంచి భత్యం నెలనెలా మొదలైంది. 2023 ఏప్రిల్ నుంచి 2024 డిసెంబరు దాకా బకాయి 3,49,740 రూపాయలు మార్చిలో వచ్చింది.

106 రోజులు, 74 రోజులు

కాన్పు తేదీని డాక్టరు 2025 జనవరి 20గా చెప్పారు. తొలి కాన్పు కనుక పుట్టింటికి, తెనాలికి, వెళ్లాలి. ఎనిమిదో నెల దాటాక రైలు ప్రయాణం వద్దన్నారు. అందుకని డిసెంబరు 16 నుంచి సెలవు అడిగారు. కేంద్ర ప్రభుత్వ సెలవు నియమాల ప్రకారం ప్రసూతి సెలవు 180 రోజులు. డిసెంబరు 16 నుంచి లెక్కిస్తే 2025 జూన్ 13 దాకా వస్తుంది. విశ్వవిద్యాలయం జవాబు: నియామకం మార్చి 31తో ముగుస్తుంది కనుక 106 రోజులు ఇస్తాం, మిగిలిన 74 రోజులు మాకు సంబంధం లేదు.

మొదటి ముసాయిదా జవాబులో ఇంకో మాట కూడా ఉండేది: ఫెలోలకు ప్రసూతి సెలవు సంస్థ విచక్షణ అని. పన్ను కోసేటప్పుడు కన్సల్టెంట్, హాజరు వేసేటప్పుడు ఉద్యోగిని, సెలవు అడిగేటప్పుడు ఫెలో. మూడు పేర్లూ ఒకే భవనంలోని మూడు గదుల్లో పెట్టినవి.

ఇక్కడ వాదన ఎంచుకోవడంలో కొంత జాగ్రత్త అవసరమైంది. అప్పటికి అమల్లో ఉన్న 1961 ప్రసూతి ప్రయోజన చట్టం 2017 సవరణ తరువాత 26 వారాల సెలవు ఇస్తుంది, అంటే 182 రోజులు. అందులో కాన్పుకు ముందు ఎనిమిది వారాలు మించకూడదు. కాన్పుకు ముందటి పన్నెండు నెలల్లో 80 రోజులు పనిచేసి ఉండాలి. ఈమెకు అన్నీ సరిపోతాయి. కానీ ఆ చట్టాన్ని పట్టుకుంటే, అది విశ్వవిద్యాలయానికి నేరుగా వర్తిస్తుందా, ఏ నిర్వచనం కింద వర్తిస్తుందా అన్న చర్చలో నెలలు గడిచిపోతాయి. కాన్పు మాత్రం ఆగదు. రెండు రోజుల తేడా కోసం ఆ గొడవ వద్దనుకున్నాను. పరిశోధకులందరికీ ప్రసూతి సెలవు భారత ప్రభుత్వ సూచనల ప్రకారం ఉంటుందని నిధులిచ్చిన శాఖ షరతే చెబుతోంది. 180 రోజుల సంగతి అక్కడితో తేలిపోయింది, విచక్షణ అన్న మాట తుది జవాబులోంచి మాయమైంది.

మిగిలింది మార్చి 31 గీత. దానికి డాక్టర్ కవితా యాదవ్ కేసులో సుప్రీంకోర్టు 2023 ఆగస్టు 17న ఇచ్చిన తీర్పును చూపించాం. ఆమె ఢిల్లీలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో కాంట్రాక్టు మీద పనిచేసిన వైద్యురాలు. కాంట్రాక్టు 2017 జూన్ 11తో ముగుస్తుందని, ప్రసూతి ప్రయోజనం కూడా ఆ రోజుతోనే ఆగుతుందని ఆసుపత్రి వాదించింది. ప్రసూతి ప్రయోజనం కాంట్రాక్టు గడువును దాటి కూడా కొనసాగుతుందని కోర్టు తేల్చి చెప్పింది. మా విశ్వవిద్యాలయపు వాదన అదే వాదన, తేదీలే వేరు.

ఇక్కడ ప్రొఫెసరు పక్షాన ఒక మాట చెప్పకపోతే ఈ కథనం ఏకపక్షం అవుతుంది. ఆయన సెలవుకు అడ్డుచెప్పలేదు. కానీ ప్రాజెక్టు సెప్టెంబరుతో ముగుస్తుంది. ఒక అసోసియేట్‌కే డబ్బుంది. ఆమె సెలవులో ఉన్న ఆరు నెలలూ జీతం ఆమెకే వెళితే ఆ పని చేయడానికి మరొకరిని పెట్టుకునే పద్దు లేదు. గడువు పొడిగించమని అడిగితే శాఖ కాలం ఇస్తుంది గాని కొత్తగా డబ్బు ఇవ్వదు. చట్టం ప్రసూతి ఖర్చును యజమాని మీద వేస్తుంది. ప్రాజెక్టుల లోకంలో ఆ యజమాని ఆచరణలో ఒక ప్రొఫెసరు, ఒక గ్రాంటు. సంస్థకు ప్రతి ప్రాజెక్టు నుంచి ఓవర్‌హెడ్ పేరుతో వాటా వెళుతుంది కదా, ఆ నిధి ఇలాంటి సందర్భాలకే ఉండాలని నేను సూచించాను. ప్రొఫెసరు అదే మాటను డీన్‌కు రాశారు. ఆ ఉత్తరం లేకపోతే నేను జతచేసిన కోర్టు తీర్పు ప్రతి ఫైలులోనే ఉండిపోయేది.

డిసెంబరు 11న ఉత్తర్వు వచ్చింది. 180 రోజులూ మంజూరు, మార్చి 31 దాకా ప్రాజెక్టు నుంచి చెల్లింపు, మిగిలిన 74 రోజులకు నిధి వనరు తరువాత నిర్ణయిస్తామని. ఆ చివరి ముక్క మీద నేను సంతృప్తి పడలేదు గాని, పట్టుబడితే మొత్తం వెనక్కి పోతుందేమోనని ఊరుకున్నాను. జనవరి 17న తెనాలిలో ఆడపిల్ల పుట్టింది. ఆ 74 రోజుల డబ్బు, 1,83,473 రూపాయలు, వచ్చింది 2025 సెప్టెంబరులో, ఆరు గుర్తుచేసే ఉత్తరాల తరువాత.

బకాయి మీద పన్ను: ఆలస్యం చేసిన మేలు

విశ్వవిద్యాలయం 2024-25 స్టేట్‌మెంట్లను సవరించి ఆమెను జీతాల పట్టికలోకి మార్చింది. అంతకుముందు ఏడాదివి ముట్టుకోలేదు. ఆ ఏడాదికి మొదటిసారి ఆమె చేతికి ఫారం 16 వచ్చింది. నాలుగో గడి చివరికి ఎలా పుట్టిందో మదనపల్లె ఆఫీసరే చెప్పాలి.

2024-25లో ఫెలోషిప్ 6,96,000, ఆ ఏడాది భత్యం 2,08,800, ముందటి ఏడాది భత్యం బకాయి 1,93,140, అంతా కలిపి 10,97,940. కొత్త విధానంలో 75,000 ప్రామాణిక మినహాయింపు పోగా 10,22,940 మీద సెస్‌తో కలిపి పన్ను 55,580. తొమ్మిది నెలలుగా కోసిన 52,200 పోగా మిగిలింది 3,380. ఇదే డబ్బు వృత్తి ఫీజుగానే ఉండిపోయి ఉంటే ప్రామాణిక మినహాయింపు దక్కేది కాదు, పన్ను మరో 11,700 పెరిగేది.

జీతం బకాయి ఒకేసారి వచ్చినప్పుడు 1961 చట్టం 89 సెక్షన్ కింద ఊరట ఉండేది, ఫారం 10ఈ వేసి అడగాల్సి ఉండేది. అడగడానికి ముందు లెక్కవేశాను. బకాయి లేకుంటే 2024-25 పన్ను 34,300. అంటే బకాయి వల్ల పడిన అదనపు పన్ను 21,280. అదే 1,93,140 సకాలంలో 2023-24లో వచ్చి ఉంటే పన్ను వేయదగిన ఆదాయం 8,39,140 అయ్యేది, 7 లక్షల గీత దాటడంతో రిబేటు మొత్తం పోయి 40,470 పన్ను పడేది. ఊరట సున్నా. అంటే విశ్వవిద్యాలయం ఆలస్యం చేయడం వల్ల ఆమెకు 19,190 రూపాయలు పన్నులో మిగిలాయి. ఈ సంగతి చెప్పినప్పుడు ఆమె చాలాసేపు నవ్వారు. గాజుల మీద కట్టిన వడ్డీ లెక్క తీసి చూపించాక నేనూ నవ్వాను.

పాత విధానంలో ఇంటి అద్దె మినహాయింపు తీసుకుంటే మేలా అని కూడా చూశాం. ఆదాయపు పన్ను నియమాల్లో బెంగళూరు అప్పటికి ఈ మినహాయింపు జీతంలో నలభై శాతం మించకూడని ఊరే, చెన్నై యాభై శాతం ఊరు. కేంద్ర భత్యం లెక్కలో రెండూ ఒకే తరగతి కావడం ఒక వింత. ఈ స్థాయి జీతంలో ఆ తేడాకు అర్థం లేదు, ఎందుకంటే అద్దెలోంచి జీతంలో పది శాతం తీసేయగా మిగిలేదే తక్కువ మొత్తం: ఏడాదికి 1,46,400. చెన్నైలో ఉన్నా అంతే వచ్చేది. ఆమెకు ఇతర పొదుపులు లేవు కనుక కొత్త విధానమే చౌక.

సాధించలేనివి

భవిష్య నిధి రాలేదు. 15,000 మించిన జీతంతో తొలిసారి ఉద్యోగంలో చేరినవారిని ఆ పథకం బయటే ఉంచుతుంది. యజమాని ఒప్పుకుంటే ఉమ్మడి అభ్యర్థనతో చేరవచ్చు, యజమాని ఒప్పుకోలేదు. ఈఎస్ఐ పరిమితి 21,000, ఆ ప్రశ్నే లేదు. గ్రాట్యుటీ పరిశోధకులకు వర్తించదని 2023 ఉత్తర్వే చెబుతోంది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి నిర్ణీత కాలపు ఉద్యోగులకు ఏడాది పనితోనే గ్రాట్యుటీ ఇస్తోంది గాని, ప్రాజెక్టు పరిశోధకులు ఆ మాటలో ఇముడుతారా అన్నది మళ్లీ నియామక ఉత్తర్వులోని పదం మీదే ఆధారపడుతుంది. ఆసుపత్రి ఖర్చుకు సంస్థ ఆరోగ్య కేంద్రం పనికిరాలేదు. కాన్పు తెనాలిలో జరిగింది. ఆమె సొంతంగా తీసుకున్న పాలసీకి ప్రసూతి నిరీక్షణ కాలం ఇంకా ముగియలేదు. ఆ బిల్లు ఆమె భర్త కట్టారు.

ఉద్యోగమూ కొనసాగలేదు. ప్రాజెక్టు చివరి మూడు నెలలకు కొత్త ఉత్తర్వు ఇవ్వలేమన్నారు, దానిమీద పోరాడే ఓపిక ఆమెకు లేకపోయింది. అనుభవ ధ్రువపత్రం మీద మాత్రం పట్టుబట్టాం. మొదట ఇచ్చినదానిలో మార్చి 31 దాకా 'ప్రాజెక్టు ఫెలో' అని ఉంది. యూజీసీ 2018 నిబంధనల్లో విశ్వవిద్యాలయ అసిస్టెంట్ ప్రొఫెసరు పోస్టుకు అభ్యర్థుల వడపోతలో పోస్ట్‌డాక్ అనుభవానికి ఏడాదికి రెండు మార్కులు, ఏడాదికి తక్కువైతే ఆ నిష్పత్తిలో. రెండున్నర నెలలకు అర మార్కు కూడా రాదు గాని, వడపోతలో పావు మార్కుతో ఆగిపోయినవాళ్లను నేను చూశాను. జూన్ 13 దాకా, రిసెర్చ్ అసోసియేట్ హోదాతో, నెల వేతనం అంకెతో సహా సవరించి ఇచ్చారు.

గత నెలలో ఆమెకు చెన్నైలో ఒక పరిశోధన సంస్థ నుంచి ఆఫర్ వచ్చింది. సంతకం చేయడానికి ముందు ఉత్తరం ఫొటో నాకు పంపారు. రెండో పేరాలో 'ఆనరేరియం' (గౌరవ వేతనం) అన్న మాట చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి, పక్కన మంజూరు ఉత్తర్వు ప్రతి అడిగానని, ఈ మాట మార్చమని కూడా అడగవచ్చా మేడమ్ అని రాశారు. అడగమన్నాను. ఇది రాసేనాటికి సంస్థ నుంచి జవాబు ఇంకా రాలేదు.